నడుముకు కట్టే ముందు: .32 రివాల్వర్‌ను రేంజిలో పరీక్షించే పద్ధతి

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు వ్యాపారం చేసేవారు, రాజాం, బొబ్బిలి బజార్లలో రోజూ పెద్ద మొత్తంలో నగదు మోసుకుపోవలసినవారు, భూతగాదాల్లో ప్రాణభయం ఉన్నవారు కొందరు నెలల తరబడి కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరిగి .32 బోర్ రివాల్వర్‌కు లైసెన్సు సంపాదిస్తారు. అంత శ్రమపడి, లక్ష రూపాయలకు అటూ ఇటూ ఖర్చుపెట్టి కొన్న ఆయుధాన్ని ఒక్కసారి కూడా కాల్చి చూడకుండా, ఆరు తూటాలు నింపి చొక్కా కింద కట్టుకొని ఏళ్ల తరబడి తిరుగుతారు. సైన్యంలో ఆయుధాలు విప్పి, శుభ్రం చేసి, బిగించే పనిలో సర్వీసు గడిపి, ఇప్పుడు శ్రీకాకుళంలో స్థిరపడిన నాకు ఇలాంటి రివాల్వర్లు చాలానే కంటబడ్డాయి. ఆరేళ్లుగా ఒకే ఆరు తూటాలను మోసిన ఒక పెద్దమనిషి నా బలవంతం మీద కాల్పుల సాధన చేసే రేంజికి వచ్చి ట్రిగ్గర్ నొక్కితే, మొదటిది పేలలేదు, నాలుగోదీ పేలలేదు. ఆయన రివాల్వర్‌లో లోపమేమీ లేదు. లోపమంతా తూటాలలోను, వాటిలోకి ఆరు వానాకాలాలపాటు ఎక్కిన తేమలోను ఉంది.

అందువల్ల మీరు పరీక్షించవలసింది రివాల్వర్‌ను ఒక్కదాన్నే కాదు. ఆ రివాల్వర్, మీరు నిజంగా నింపుకొని తిరగబోయే ఆ పెట్టెలోని తూటాలు, మీ వేలు, మీ నడుముకున్న తోలు సంచి, ఈ నాలుగూ కలిసి పనిచేస్తాయో లేదో చూడాలి. దీనికి నేను యాభై తూటాల లెక్క వేసుకున్నాను. కొందరికి అది దుబారాగా తోస్తుంది. లైసెన్సు మీద కొనుగోలుకు పరిమితి ఉంటుంది, తూటా ధర కూడా తక్కువేమీ కాదు. అయినా యాభైకి తగ్గితే ఈ పరీక్షకు అర్థం ఉండదని నా అభిప్రాయం.

ముందు కాగితాలు చూసుకోండి

మీ లైసెన్సును ఒకసారి తీరికగా చదవండి. చెల్లుబాటు గడువు ఎప్పటిదాకా ఉందో, ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో అందులోనే ఉంటుంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించినప్పుడు లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు, ఒక వ్యక్తి ఉంచుకోగల ఆయుధాలను రెండుకు తగ్గించారు. ప్రాంతం సంగతి మనవైపు మరీ ముఖ్యం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, పాతపట్నం దాటితే పర్లాకిమిడి. లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమై ఉంటే, పెళ్లికో బేరానికో ఆ గీత దాటినప్పుడు మీ నడుమున ఉన్నది లైసెన్సు లేని ఆయుధమే అవుతుంది.

రేంజి ఎక్కడ అన్నది రెండో ప్రశ్న. జీడితోటలోనో, కళింగపట్నం ఇసుకలోనో, ఊరవతల కొండ చాటునో కాల్చి చూద్దామన్న ఆలోచన ఉంటే అది ఇప్పుడే మానుకోండి. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా తుపాకి పేల్చితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడేలా అదే 2019 సవరణలో నిబంధన చేర్చారు; పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చేవారికీ ఇదే వర్తిస్తుంది. చట్టం మాట అలా ఉంచినా, సీసపు గుండు రాతికి తగిలితే ఏ వైపు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు, మన కొండలేమో రాళ్లతో నిండినవి. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు లేదా షూటింగ్ రేంజిలో ముందుగా సమయం తీసుకొని వెళ్లడమే మార్గం. పోలీసు రేంజి వాడుకోవాలనుకుంటే జిల్లా పోలీసు అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం వారి నిర్ణయం. చింతలవలస బెటాలియన్‌లోనో, విజయనగరం పోలీసు శిక్షణ కళాశాలలోనో తెలిసినవారు ఉన్నారు కదా అని ఆయుధం జేబులో వేసుకొని నేరుగా గేటు దగ్గరకు వెళ్లే పని మాత్రం చేయకండి.

మీ చేతిలో ఉన్నది ఏ రకం

మన దేశంలో లైసెన్సుదారుల చేతుల్లో కనిపించే చిన్న రివాల్వర్లలో ఎక్కువ భాగం ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైనవే. వాటిలో పాత .32 రివాల్వర్ వెబ్లీ అనే బ్రిటిష్ రివాల్వర్ నమూనాను అనుసరించినది. పైన గొళ్లెం తీయగానే గుండు వెళ్లే గొట్టమైన బ్యారెల్, తూటాలు పట్టే ఆరు గదుల సిలిండర్ కలిసి ముందుకు వంగి తెరుచుకుంటాయి. 2014 జనవరిలో కాన్పూర్ నుంచి వచ్చిన ‘నిర్భీక్’ టైటానియం మిశ్రలోహంతో తయారై, సుమారు అర కిలో బరువుతో, చిన్న చేతులకు అనువుగా ఉంటుంది. 2023 ఆగస్టులో విడుదలైన ‘ప్రబల్’ బరువు 675 గ్రాములు, బ్యారెల్ పొడవు 76 మిల్లీమీటర్లు. దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఇవన్నీ కాల్చేది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ అనే తూటానే. అది 1896 నాటి రూపకల్పన. 98 గ్రెయిన్ల, అంటే దాదాపు 6.35 గ్రాముల, సీసపు గుండు దానిలోంచి సెకనుకు 210 మీటర్ల చుట్టుపక్కల వేగంతో వెళుతుంది. దెబ్బ మెత్తనిదే కనుక చేతికి అదురు తక్కువ. అయితే బరువు తగ్గేకొద్దీ అదురు పెరుగుతుంది కనుక, పాత ఉక్కు రివాల్వర్‌కు అలవాటుపడినవారికి నిర్భీక్ కొంచెం కొత్తగా ఉంటుంది.

ఇంటి దగ్గర, ఖాళీ ఆయుధంతో

రేంజికి వెళ్లడానికి రెండు రోజుల ముందు ఒక సాయంత్రం ఈ పనికి కేటాయించండి. తూటాలన్నిటినీ వేరే గదిలో పెట్టి తాళం వేయండి. సిలిండర్ తెరిచి ఆరు గదులూ కంటితో చూడండి, తరువాత ఒక్కొక్క గదిలో చిటికెన వేలు పెట్టి తడమండి. కన్ను అలవాటు కొద్దీ పొరబడుతుంది, వేలు పొరబడదు. గదుల పక్కన చెరగని ఇంకు పెన్నుతో చిన్నగా 1 నుంచి 6 దాకా అంకెలు వేయండి. ఒకే గది పదేపదే తప్పుతోందా అన్నది రేంజిలో వీటివల్లే తెలుస్తుంది.

తెరిచిన రివాల్వర్ వెనుక తెల్ల కాగితం పెట్టి బ్యారెల్ లోపలికి చూడండి. గుండును తిప్పే మెలి చారలు పదునుగా, మెరుస్తూ కనిపించాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, అంటే భావనపాడు, బారువ, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్లలో, ఏడాదిపాటు నూనె ముఖం చూడని బ్యారెల్‌లో ఎర్రని చుక్కలు కనబడటం నాకు మామూలే. పైపై తుప్పు బ్రష్షుకు పోతుంది. గోరుతో గిల్లినట్టు గుంటలు పడి ఉంటే ఆయుధ డీలరు దగ్గరకు పంపండి.

అసలు పరీక్ష సిలిండర్‌ది. మూసిన ఖాళీ రివాల్వర్‌ను గోడకేసి కాకుండా సురక్షితమైన దిక్కుకు పెట్టి, ఎడమచేతి వేలితో సిలిండర్‌ను అతి తేలికగా ఆనించి, అది తిరగడానికి కొద్దిపాటి అడ్డు కల్పిస్తూ, కుడి బొటనవేలితో హ్యామర్‌ను, అంటే వెనుక ఉండే సుత్తిని, నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లి ఆగేలోపే సిలిండర్ టక్కున బిగిసిపోవాలి. హ్యామర్ ఆగిన తరువాత కూడా సిలిండర్‌ను మీరు వేలితో తిప్పితే గాని బిగియకపోతే, గుండు బ్యారెల్‌కు ఎదురుగా రాకముందే పేలే అవకాశం ఉందన్నమాట. ఆరు గదులకూ విడివిడిగా ఇలాగే చూడండి, ఎందుకంటే సిలిండర్‌ను తిప్పే పళ్లలో చాలాసార్లు అరిగేది ఒక్క పన్నే. ఆ పైన ట్రిగ్గర్‌ను నొక్కి పట్టుకొని సిలిండర్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. ఇసుమంత పక్కకు కదలడం సహజమే; ముందుకూ వెనక్కూ ఆడటం మాత్రం మంచిది కాదు.

సిలిండర్ ముందు అంచుకు, బ్యారెల్ వెనుక అంచుకు మధ్య సన్నని సందు ఉంటుంది. దాన్ని కొలవడానికి మోటారు మెకానిక్కులు సందులు కొలవడానికి వాడే పలచని రేకుల ఫీలర్ గేజి చాలు. 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే బాగున్నట్టు. 0.25 దాటితే మండే వాయువు ఎక్కువగా పక్కలకు చిమ్ముతుంది; బొత్తిగా సందు లేకపోతే నాలుగు తూటాలు కాల్చేసరికి మసి పేరుకొని సిలిండర్ పట్టేస్తుంది. పైన తెరుచుకునే రకమైతే గొళ్లెం బిగువు కూడా చూడండి. ఒక చేత్తో పిడి, మరో చేత్తో బ్యారెల్ పట్టుకొని విరుస్తున్నట్టు వంచినప్పుడు గొళ్లెం దగ్గర చప్పుడు వినబడితే ఆ రివాల్వర్‌ను కాల్చకండి.

ఇంకొకటి, నడుముకు కట్టేవారికి ఇది ప్రాణంతో సమానం. హ్యామర్ దించి ఉన్న స్థితిలో, ట్రిగ్గర్ జోలికి పోకుండా, బొటనవేలితో హ్యామర్ వీపును ముందుకు గట్టిగా నొక్కి, పక్కనుంచి టార్చి వెలుగులో చూడండి. తూటాను కొట్టి పేల్చే పిన్ను మొన తూటా కూర్చునే వైపు బయటికి పొడుచుకు వస్తే, ఆ రివాల్వర్ కింద పడి హ్యామర్ నేలకు తగిలినప్పుడు పేలవచ్చు. అటువంటి ఆయుధంలో ఐదే తూటాలు నింపి, హ్యామర్ కింద ఖాళీ గది వచ్చేలా మూసుకోవడం పాతకాలం నుంచి ఉన్న పద్ధతి. ఒక తూటా తగ్గిందని బాధపడేవారికి నేను ఒకటే అడుగుతాను: స్కూటరు మీద మీ ముందు కూర్చునేది ఎవరు?

ట్రిగ్గర్ బరువు తెలియాలంటే వేలాడే స్ప్రింగు త్రాసు కొక్కాన్ని ఖాళీ రివాల్వర్ ట్రిగ్గర్‌కు తగిలించి లాగండి. హ్యామర్ ముందే ఎత్తి లాగితే రెండు కిలోల దరిదాపుల్లో, ఎత్తకుండా లాగితే నాలుగున్నర నుంచి ఆరు కిలోల దాకా రావడం ఈ తరహా రివాల్వర్లలో మామూలు. బరువుగా ఉందని స్ప్రింగు కోయడం, రాయడం వద్దు. ఆ స్ప్రింగు బలంతోనే పిన్ను ప్రైమర్‌ను, అంటే తూటా అడుగున మందుకు నిప్పంటించే చిన్న బిళ్లను, కొడుతుంది. పైగా ఆయుధాల మరమ్మతుకు చట్టం ప్రకారం విడిగా లైసెన్సు ఉన్నవారే చేయి పెట్టాలి.

రేంజి దగ్గర

కళ్లద్దాలు, చెవులకు మూతలు లేకుండా గీత దాటకండి. చిన్న బ్యారెల్ రివాల్వర్ చప్పుడు 140 డెసిబెల్స్ మించి ఉంటుంది, ఒక్క దెబ్బకే చెవి శాశ్వతంగా దెబ్బతినగల స్థాయి అది. రేంజి అధికారి మాటే అక్కడ శాసనం. రివాల్వర్‌ను ఎల్లప్పుడూ నిండి ఉన్నట్టే భావించండి; నాశనమైనా పరవాలేదనుకున్న వస్తువు వైపు తప్ప మరి దేనివైపూ దాని మూతి తిప్పకండి; గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ కాపుకు బయటే ఉండాలి; గురి వెనుక ఏముందో తెలియాలి. రివాల్వర్‌కు అదనంగా ఒక నియమం ఉంది: సిలిండర్ ముందు సందుకు పక్కన గాని ముందు గాని వేలు ఉండకూడదు, పక్కన మనిషి నిలబడకూడదు.

ఒక నోటుపుస్తకం, పెన్ను, సన్నని కొలతలు తీసే వెర్నియర్, రెండు మూడు పేలని డమ్మీ తూటాలు, బఫే భోజనాల్లో పెట్టే 20 సెంటీమీటర్ల తెల్ల కాగితపు పళ్లేలు డజను, కొన్ని తెల్ల అట్టముక్కలు తీసుకెళ్లండి. అచ్చువేసిన టార్గెట్ల కన్నా ఈ పళ్లేలే నాకిష్టం. నడుముకు కట్టే రివాల్వర్‌తో మీకు కావలసిన గురి ఆ పళ్లెమంతే.

మొదటి ఆరు తూటాలను ఒక్కొక్కటిగానే నింపండి. ఐదు మీటర్ల దూరంలో పళ్లెం పెట్టి, మోచేతులు ఇసుక సంచుల మీద ఆనించి, సిలిండర్‌కు రెండు పక్కలా ఒక జానెడు దూరంలో తెల్ల అట్టముక్కలు నిలబెట్టి, ఒకటో గదిలో ఒకే తూటా వేసి కాల్చండి. తెరిచి ఖాళీ తూటా తీసి చూసిన తరువాతనే రెండో గదికి వెళ్లండి. పిన్ను దెబ్బ ప్రైమర్ నడిమధ్యన, గుండ్రంగా, లోతుగా పడిందా? ఒక గదిలో దెబ్బ ఓరగా పడితే ఆ గది బ్యారెల్‌కు సరిగా ఎదురు రావడం లేదని అర్థం. పక్క అట్టముక్కల మీద మసి పడటం సహజం. సీసపు రజను గుచ్చుకొని మెరుస్తుంటే మాత్రం గుండు లోపలికి వెళ్లేటప్పుడు అంచుకు గీసుకుంటోందన్నమాట, అక్కడితో పరీక్ష ఆపేయండి. ఈ ఆరు తూటాలకే అరగంట పట్టినా తొందరపడకండి.

తరువాత పన్నెండు తూటాలను, ఆరేసి చొప్పున, ఏడు మీటర్ల దూరం నుంచి, ఇసుక సంచి ఆసరాతో, హ్యామర్ ఎత్తి నిదానంగా కాల్చండి. ఇక్కడ తెలుసుకోవలసింది రివాల్వర్ గురి ఎటు పోతుందన్నదే. ఆరు రంధ్రాలు అరచేతి వెడల్పులో ఒకేచోట పడితే రివాల్వర్ బాగున్నట్టే, అవి పళ్లెం మధ్యకు నాలుగు వేళ్లు కింద పడినా సరే. ఎక్కడ పడుతున్నదీ తెలిసింది కనుక గురిని ఆ మేరకు సర్దుకోవచ్చు. చెల్లాచెదురుగా పడితే నింద రివాల్వర్ మీద వేసే ముందు ఒక లెక్క గుర్తుంచుకోండి. ఇంత చిన్న రివాల్వర్‌లో గురి చూడటానికి పైన ఉండే ముందు గురికి, వెనుక గురికి మధ్య దూరం సుమారు 10 సెంటీమీటర్లే. ముందు గురి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే ఏడు మీటర్ల దగ్గర గుండు ఏడు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రంధ్రాల ఆకారం కూడా చూడండి. గుండ్రంగా కాక, తాళంచెవి సందులాగా పొడుగ్గా ఉంటే గుండు పక్కకు పొర్లుతూ వెళుతోంది. అది అరిగిన బ్యారెల్ లక్షణం.

ఇప్పుడు అసలు సంగతి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు హ్యామర్ ఎత్తి గురిచూసే వ్యవధి ఎవరికీ ఉండదు. కనుక తరువాతి పద్దెనిమిది తూటాలు, నిలబడి, రెండు చేతులతో పట్టుకొని, ఐదు మీటర్ల నుంచి, హ్యామర్ ఎత్తకుండా, నేరుగా ట్రిగ్గర్ పొడవునా నొక్కి కాల్చండి. మొదటి ఆరూ మామూలుగా కాల్చి, ఆ తరువాత మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు నిజం తూటాలకు రెండు డమ్మీలు కలిపి నింపించుకోండి. నింపే పని తోడు వచ్చినవారికి అప్పగిస్తే డమ్మీ ఎక్కడున్నదీ మీకు తెలియదు. డమ్మీ మీద హ్యామర్ పడిన క్షణంలో రివాల్వర్ మూతి ఏం చేసిందో చూసుకోండి. కుడిచేతి వాటం ఉన్నవారిలో చాలామందికి అది దభీమని కిందికీ ఎడమకూ వంగుతుంది. అది చప్పుడుకు ముందే భయపడుతున్న చేయి. పెద్ద పెద్ద వస్తాదులు కూడా ఇక్కడ నవ్వులపాలవడం చూశాను, మొదట్లో నేనూ అయ్యాను. దీనికి మందు రేంజిలో లేదు. ఇంట్లో డమ్మీలు నింపి, ముందు గురి మీద పైసా బిళ్ల నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగడం రోజుకు పది నిమిషాలు సాధన చేస్తే నెల తిరిగేసరికి చేయి కుదుటపడుతుంది. పద్దెనిమిదిలో పదహారు పళ్లెంలో పడితే చాలునని నా లెక్క. పద్నాలుగుకు తగ్గితే సాధన చేసి మళ్లీ రండి, అప్పటిదాకా రివాల్వర్ బీరువాలోనే ఉండాలి.

ఎక్కడైనా తూటా పేలకపోతే వెంటనే తెరవకండి. మూతిని మట్టిగోడ వైపే ఉంచి ముప్పై సెకన్లు లెక్కపెట్టండి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలుతాయి. తరువాత తెరిచి ప్రైమర్ మీది దెబ్బను అంతకుముందు పేలిన వాటితో పోల్చండి. దెబ్బ లోతు సమానంగా ఉంటే తప్పు తూటాది, తేలికగా ఉంటే తప్పు రివాల్వర్‌ది. అంతకన్నా ప్రమాదకరమైనది చప్పుడు మామూలుగా కాక బుస్సుమని వినిపించడం. మందు చాలక గుండు బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుపోయి ఉండవచ్చు. దాని వెనుక మరో తూటా పేల్చితే బ్యారెల్ చీలుతుంది. అలాంటి చప్పుడు వినగానే వేలు తీసి, రివాల్వర్ ఖాళీ చేసి, బ్యారెల్‌లో వెలుతురు కనబడేదాకా మరో తూటా ముట్టకండి.

చివరి పన్నెండు తూటాలూ తప్పనిసరిగా మీరు నింపుకొని తిరగబోయే పెట్టెలోనివే అయి ఉండాలి. ఆరింటిలో ఒకదాని మొత్తం పొడవును వెర్నియర్‌తో కొలిచి రాసుకొని, దాన్ని ఆఖరున పేలే గదిలో పెట్టి, మిగిలిన ఐదూ కాల్చి, ఆరోదాన్ని తీసి మళ్లీ కొలవండి. తేలిక రివాల్వర్ అదిరినప్పుడు మిగిలిన తూటాల గుండ్లు వాటి కేసుల్లోంచి కొంచెం కొంచెంగా ముందుకు జారే అవకాశముంది. మరీ జారితే గుండు మొన సిలిండర్ దాటి బ్యారెల్‌కు అడ్డం తగిలి సిలిండర్ తిరగకుండా ఆగిపోతుంది. .32లో ఇది అరుదే గాని, నిర్భీక్ వంటి అర కిలో ఆయుధంలో చూడకుండా వదలకూడదు. పొడవు మారకపోతే దాన్నీ కాల్చేయండి. మిగిలిన ఆరింటినీ, రేంజి అధికారి ఒప్పుకుంటేనే, తోలు సంచిలోంచి తీసి మూడు మీటర్ల నుంచి రెండేసి చొప్పున కాల్చండి. వేగం కోసం పాకులాడకండి. చొక్కా పూర్తిగా పైకి ఎత్తడం, పిడి గట్టిగా చేతికి రావడం, మూతి ముందుకు తిరిగేదాకా వేలు బయటే ఉండటం, ఈ వరుస తప్పకపోతే చాలు. అధికారి ఒప్పుకోకపోతే బల్ల మీదనుంచి ఎత్తి కాల్చండి, వాదించకండి.

ఇప్పటికి నలభై ఎనిమిది అయ్యాయి. మిగిలిన రెండూ అనుమానం తీర్చుకోవడానికి. పేలని తూటా తప్పు తూటాదేనా, గదిదా అన్నది తేలకపోతే అదే గదిలో వీటిని వేసి చూడండి.

కాల్చే మధ్యలో ఖాళీలు తీసేటప్పుడు ఒక చిన్న అలవాటు చేసుకోండి. పక్కకు తెరుచుకునే రకంలో మూతిని పైకి ఎత్తి ఒక్క ఊపున నొక్కితే కేసులతోపాటు కాలని మందు రవ్వలు కూడా కిందికి రాలిపోతాయి. మూతి కిందికి పెట్టి నెమ్మదిగా నొక్కితే ఆ రవ్వలు నక్షత్రం ఆకారంలో ఉండే ఎత్తుడు పలక కింద చేరి, సిలిండర్ మూసుకోకుండా చేస్తాయి. పలక కింద పాత పళ్లు తోముకునే బ్రష్షుతో దులపండి. ఖాళీ కేసులన్నీ లెక్కపెట్టి ఇంటికి తెచ్చుకోండి. రెన్యూవల్ సమయంలో తూటాల లెక్క చెప్పవలసి వస్తే అవే మీ సాక్ష్యం. సీసం చేతులకు అంటి ఉంటుంది కనుక సబ్బుతో కడుక్కోకుండా టీ కూడా తాగకండి.

తేమ, చెమట, తోలు

ఉత్తరాంధ్రలో ఆయుధానికి దొంగకన్నా పెద్ద శత్రువు ఉక్కపోత. టైటానియం చట్రానికి తుప్పు పట్టదని ధీమాగా ఉండేవారున్నారు, కాని లోపలి స్ప్రింగులు ఉక్కువే. రేంజి నుంచి వచ్చిన సాయంత్రమే బ్యారెల్, ఆరు గదులు బ్రష్షుతో తోమి, పొడి గుడ్డతో తుడిచి, ఆయుధాల నూనె పలచగా పూయండి. కొబ్బరినూనె రాయకండి, అది చలికాలంలో గడ్డకట్టి, ఎండాకాలంలో జిగురై కూర్చుంటుంది. తూటాలకు మాత్రం ఏ నూనే తగలకూడదు, నూనె ప్రైమర్‌లోకి ఊరితే తూటా చచ్చిపోతుంది. మూత బిగువుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో తూటాలు పెట్టుకోండి. నడుముకు మోసిన ఆరింటినీ ఏడాదికొకసారి రేంజిలో కాల్చేసి కొత్తవి నింపుకోండి. 2018లో తిత్లీ తుపాను వెళ్లిన తరువాత రోజుల తరబడి కరెంటు లేక, ఇళ్లలో బట్టలే బూజుపట్టిన సంగతి ఉద్దానం వాళ్లకు చెప్పనక్కరలేదు. అటువంటి వాన తరువాత ఏడాది గడువు కోసం చూడకుండా మార్చేయడం మంచిది.

తోలు సంచి ట్రిగ్గర్ కాపును పూర్తిగా కప్పాలి. రివాల్వర్‌ను రాత్రి సంచిలోనే ఉంచి బీరువాలో పెట్టకండి, తోలు పీల్చిన చెమటంతా లోహానికే చేరుతుంది. నిండు ఆయుధంతో బయటికి వెళ్లే ముందు ఒక వారం ఇంట్లో ఖాళీ రివాల్వర్‌తో తిరగండి. పీట మీద కూర్చొని భోంచేయండి, గొంతుకూర్చొని లేవండి, మెట్లెక్కండి, ఆగి ఉన్న స్కూటరు ఎక్కి దిగండి. పొడుచుకు వచ్చే హ్యామర్ చొక్కా అంచుకు తగులుకుంటోందా, వంగినప్పుడు పిడి బయటపడుతోందా అన్నది ఇలాగే తెలుస్తుంది. ప్యాంటు జేబులో వేసుకునేవారు ఆ జేబులో తాళాలు, చిల్లర, ఫోను ఏవీ ఉంచకూడదు, జేబులోనూ సంచి ఉండాలి.

ఎంత పరీక్షించిన ఆయుధమైనా కొన్నిచోట్లకు తీసుకుపోవడానికి లేదు. జిల్లా మేజిస్ట్రేటు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప జాతరలకు, మతపరమైన ఊరేగింపులకు, బహిరంగ సభలకు, విద్యాసంస్థల ఆవరణలోకి ఆయుధంతో వెళ్లకూడదన్నది లైసెన్సు షరతు. సిరిమానోత్సవం నాడు విజయనగరం వీధుల్లోకి గాని, రథసప్తమికి అరసవల్లి క్యూలోకి గాని దానితో అడుగుపెట్టకండి. ఎన్నికల నియమావళి వచ్చినప్పుడు అప్పగించమని పోలీసుస్టేషను నుంచి కబురొస్తే రసీదు తీసుకొని ఇచ్చేయండి; తిరిగి తెచ్చుకున్న రోజున బ్యారెల్‌లో వెలుతురు, ఆరు గదుల బిగువు, పిన్ను మొన, ఈ మూడూ మళ్లీ చూసుకోండి, ఎందుకంటే అన్ని నెలలు అది ఏ తేమలో ఉన్నదో మీకు తెలియదు.

నోటుపుస్తకంలో తేదీ, తూటాల పెట్టె మీది లాట్ నంబరు, ఏ గదిలో ఏం జరిగింది, పళ్లెంలో ఎన్ని పడ్డాయి అన్నవి రాసి, ఆ పళ్లేలను కూడా మడిచి అందులోనే పెట్టుకోండి. వచ్చే ఏడాది కొత్త పళ్లేన్ని దీని పక్కన పెట్టి చూసినప్పుడు అరిగింది రివాల్వరో, మీ చేయో తేలిపోతుంది.